నా గుండెకు నలభై ఐదు

శ్రీకాకుళం, మంగళవారం

కాంతమక్కకు నమస్కారాలు. ఫోన్‌లో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. గుండెపోటు నుంచి గట్టెక్కాను, కంగారు పడకు.

దెబ్బ ఎంత తగిలిందో చూడాలని నిన్న గుండెకు స్కానింగ్ తీశారు. ఎకో అంటారట. ఛాతీకి చల్లటి జెల్లు రాసి, నా గుండెను నాకే టీవీలో చూపించారు. ఒకవైపు గోడ నీరసంగా కదులుతోంది. కాగితం మీద నలభై ఐదు శాతం అని రాశారు. అది చూసి మీ మరదలు ఈశ్వరి, "సగం కూడా పనిసెయ్యట్లేదు, ఇంకేటి సేస్తాం!" అని ఏడుపు లంకించుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

డాక్టరమ్మ నవ్వి, "నిండిన రక్తాన్నంతా ఒక్కసారే తోసేసే గుండె ఎవరికీ ఉండదండీ. బాగున్నవాళ్లకే అరవై. మందులు వాడితే ఆ గోడ ఇంకా తేరుకోవచ్చు" అంది.

"అయితే మా రైసుమిల్లు లాగే కదా తల్లీ! వంద కేజీల ధాన్యం ఆడితే అరవై ఏడు కేజీల బియ్యమే వస్తాది. వందా ఎవుడికొస్తాది?" అన్నాను. ఈశ్వరి కళ్లు తుడుచుకుంది. మూడు నెలలకు మళ్లీ తీస్తారట.

బావ పాత పొందూరు పంచె ఒకటి పంపు, ఇక్కడి దుప్పటి గీరుతోంది. ఆవు ఈనిందా?

నేను ఇల్లు చేరేదాకా అన్నం ముట్టనని మొక్కుకున్నావట, మీ కోడలు చెప్పింది. మిల్లువాడి అక్కే అన్నం మానేస్తే నరసన్నపేటలో నా బియ్యం ఎవరు కొంటారు? కార్డు అందగానే కంచం ముందు కూర్చో.

నీ తమ్ముడు
జగన్నాధం