ఊడ్పు గింజలు

నవంబర్ 4

చెల్లెను కాల్చి వచ్చాం. రుద్రంగి వాగు ఒడ్డున. పొద్దంతా జగిత్యాల దవాఖాన ముందర కూర్చోవడమే. పోస్టుమార్టం అయ్యేసరికి పొద్దు వాలింది. లచ్చవ్వ నాకంటే చిన్నది. ముందు పోవాల్సింది నేను.

శ్రీను రాలేదు. కోరుట్ల ఠాణాలో కూర్చోబెట్టారు. గోదాంలో బండి నడిపింది వాడు. నా కొడుకు. బండి కింద పడింది వాడి మేనత్త.

ఇవాళ ఇంక రాయను.

నవంబర్ 5

శ్రీనును వదిలారు. జామీను నేనే. ఇంటికి వచ్చి గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు. వాళ్ళమ్మ గంజి తెచ్చింది, ముట్టలేదు. ఒకటే మాట చెబుతున్నాడు — "తల తిప్పి చూసిన బాపూ. ఎవ్వలు లేకుండె."

అబద్ధం కాదు. ఫోర్క్‌లిఫ్ట్ వెనక అంతా ఇనుప దిమ్మ. ముందర బస్తాలు ఎత్తితే బండి ముక్కు మీద పడకుండా వెనక ఆ బరువు పెడతారు. దాని వెనక ఆనుకుని వంగి ఊడ్చే మనిషి, సీట్లో ఉన్నవాడికి కనపడదు. ఎంత తల తిప్పినా కనపడదు. నిలబడితే కనపడేది.

చీపురు పట్టినామె నిలబడి ఊడుస్తుందా?

నవంబర్ 6

పిట్టకు పెట్టాం. ఇస్తరాకులో లచ్చవ్వకు ఇష్టమైనవి — మక్క గారెలు, బోటి కూర, ఇంత కల్లు. పెట్టి దూరం జరిగాం. పిట్ట ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిందని మావాళ్ళ లెక్క.

కాకి కరెంటు తీగ మీద కూర్చుంది. దిగదు. ఎండ ఎక్కుతోంది. తలా ఒక మాట చెప్పమన్నారు పెద్దలు. మొక్కుకున్నట్టు. నేను ముందుకు పోయి, శ్రీను మీద కోపం పెట్టుకోకు అన్నాను. దిగలేదు. లచ్చవ్వ మరిది ఏదో అన్నాడు. దిగలేదు.

ఆఖరికి సుజాత. లచ్చవ్వకు ఉన్నది ఒక్కతే బిడ్డ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది — "అవ్వా, నీ జాగల నేను పోత. నీ వరుసలు ఎవ్వలకు ఇడువ."

కాకి దిగింది. గారె ఎత్తుకుపోయింది.

అందరూ చేతులు జోడించారు. నేను జోడించలేదు. ఆకలైంది, దిగింది. దానికేం తెలుసు గోదాం సంగతి. అన్నాను కూడా, పైకే. ముసలోనికి మతి లేదన్నారు.

నవంబర్ 8

కోపం పోవడం లేదు. రాసుకుంటే పోతుందేమో.

మా మక్కజొన్న గోదాంలో పద్ధతి ఇది. బస్తా చిరిగి కింద కారిన మక్కలు సేటువి కావు. ఊడ్చినామెవి. బస్తాల వరుసలు ఒక్కొక్క ఆమెకు కొన్ని. తల్లి పోతే బిడ్డకు, అత్త పోతే కోడలికి. సేటు తండ్రి కాలం నుంచి ఇంతే.

కానీ గింజ రాలినప్పుడే ఊడ్చుకోవాలి. బండి మళ్ళీ వచ్చిందంటే చక్రం కింద పిండి. పిండిని కోళ్ళు కూడా ముట్టవు. అందుకే బండి ఎటు పోతే అటు, వెనకాలే చీపుర్లు. దున్నే నాగలి వెనక కొంగలు పోయినట్టు.

నేను దుబాయిలో తోలినప్పుడు బండి కదిలిందంటే లోపల చీమ ఉండేది కాదు. ఇక్కడా చెప్పాను. తిట్టి చెప్పాను. లచ్చవ్వ నవ్వేది. "మా అన్న బండి నన్ను తొక్కుతదా" అనేది. నా మెడ పట్టేసి నేను దిగి, శ్రీను ఎక్కినంక "మా అల్లుని బండి" అయింది.

తొక్కింది.

నవంబర్ 10

శ్రీను సిరిసిల్ల పోయాడు. సాంచాల మీద పని దొరికిందట, పగలూ రాత్రీ గుడ్డ నేసే పని. సాంచాల చప్పుడులో ఏమీ వినపడదు, అదే మంచిది అన్నాడు. సంచి పట్టుకుని గడప దాటి ఆగాడు. బండి ముఖం చూడను బాపూ అన్నాడు. చూడకు అన్నాను.

బస్సెక్కించి వచ్చాను. వాడి చెప్పులు ఇంట్లోనే ఉన్నాయి. ఏం తొడుక్కుని పోయాడో.

నవంబర్ 13

సేటు ఫోను. మంచీ చెడ్డా అడిగాడు. తర్వాత అసలు మాట. "గంగన్నా, సీజను. లారీలు ఆగినయ్. కొత్తోడు దొరికెదాక నువ్వు రా." మెడ తిరగదు సేటూ అన్నాను. లారీ అద్దాలు తెచ్చి రెండు దిక్కులా పెట్టిస్తానన్నాడు.

ఫోను పెట్టేశాను. పోయేది లేదు.

సాయంత్రం సుజాత వచ్చింది. సోమవారం నుంచి ఊడ్పుకు పోతుందట. బీడీలు చుడదామంటే ఆకు సరిగా రావడం లేదు, ఖాళీగా కూర్చుంటే అవ్వే కనపడుతోంది అంది. నేను అరిచాను. ఆమె అరవలేదు. "కాకి ముట్టింది మామా" అంది, అంతే.

ఆమె పోయినంక సేటుకు నేనే ఫోను చేశాను. వస్తున్నా అన్నాను. ఇంకెవడో కొత్తవాడు ఎక్కుతాడు, వెనక వంగినామె వాడికి ఎవరు? నాకైతే తెలుసు.

తెలిస్తే ఏం, మెడ తిరగదు.

నవంబర్ 17

ఎక్కాను. సీటు శ్రీను పెట్టుకున్నంత దూరంలోనే ఉంది. ముందుకు జరుపుకున్నాను. బెల్టు. హారను. ఫోర్కులు జానెడు ఎత్తు. చేతులు మరచిపోలేదు.

మూడో వరుస కూడా లచ్చవ్వదే. దాని మూల కడిగారు. సిమెంటు అక్కడ తెల్లగా ఉంది.

సుజాత వచ్చింది. తల్లి చాట, తల్లి చీపురు. అద్దంలో చూస్తే చీర అంచు కనపడుతుంది, మాయమవుతుంది. మాయమైనప్పుడల్లా బ్రేకు. హారను కొడితే కదలదు. పొద్దంతా ఎన్ని హారన్లని వింటుంది. దిగి వెనక్కి నడిచి చూసి మళ్ళీ ఎక్కడం. మోకాళ్ళు అరిగిపోయాయి ఇవాళ.

హమాలీల మేస్త్రీ రాజన్న నవ్వాడు. "కాకా, బండి తోలుతున్నవా, గుడి సుట్టు తిరుగుతున్నవా?"

నవంబర్ 18

అద్దంలో లేదు. దిగాను. చక్రం పక్కనే ఉంది. చేయి పెట్టి గింజలు తీస్తోంది. చక్రం కింది నుంచి.

చాట గుంజి విసిరేశాను. గింజలన్నీ చెల్లాచెదరయ్యాయి. అందరూ చూస్తున్నారు. కూర్చుని ఒక్కొక్కటి ఏరుకుంది. ఏరుకుంటూ అంది — "మా అవ్వ ఉంటే గిట్ల ఇసిరేస్తుంటివా?"

లచ్చవ్వ ఉన్నా విసిరేసేవాణ్ణే.

నవంబర్ 20

కరీంనగర్ నుంచి ఆఫీసరు వచ్చాడు. చావు జరిగింది కదా, రాసుకోవడానికి. ఇస్త్రీ చొక్కా, నా కొడుకు ఈడు. నన్ను నిలబెట్టి అడిగాడు, కుర్చీ చూపలేదు. బెల్టు పెట్టుకుంటారా, తాగుతారా... తాగి బండెక్కినవాణ్ణి కాను అన్నాను. గట్టిగానే అన్నాను.

పోయేముందు ఒక మాట చెప్పాడు. బండి నడిచేటప్పుడు మనుషులు వద్దు, మనుషులు ఉన్నప్పుడు బండి వద్దు. ఊడ్చేటప్పుడు ఇంజను ఆపి, తాళంచెవి తీసి, ఊడ్చేవాళ్ళ చేతికే ఇవ్వాలట. వాళ్ళు తిరిగి ఇస్తేనే బండి కదలాలి.

చెప్పినవాడు నచ్చలేదు. మాట మంచిది. నా బుర్రకు ఎందుకు తట్టలేదో.

నవంబర్ 21

సేటుతో పంచాయితీ. అట్లయితే లోడింగు ఎప్పుడవుతుంది అంటాడు. ఊడ్పే బంద్ పెడదాం, పీడా పోతుంది అంటాడు. ఆ మాట ఆడవాళ్ళ చెవిన పడింది. అందరూ నా మీదికి వచ్చారు. నువ్వు బండెక్కి మా నోటికాడి గింజలు తీస్తున్నవా అని. ఎవరితోనూ మంచి లేదు ఇవాళ.

చివరికి నేను చెప్పింది ఇది. తాళం పద్ధతి ఉంటే ఎక్కుతాను. లేదంటే నువ్వే ఎక్కు సేటూ.

ఒప్పుకున్నాడు. సీజను కాబట్టి ఒప్పుకున్నాడు.

నవంబర్ 22

ఒక వరుస ఎత్తాక ఫోర్కులు నేలకు దించాను, ఇంజను ఆపాను, దిగాను. తాళం సుజాత చేతిలో పెట్టాను. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చూసింది. కొంగుకు ముడివేసుకుంది.

రాజన్న ఊరుకుంటాడా. "కాకా బండికి లగ్గం జేసిండు రా! కొంగుముడి ఏసిండు! ఇగ అక్షింతలే తక్కువ!" హమాలీలందరూ నవ్వారు. సుజాత కూడా నవ్వింది. లచ్చవ్వ పోయినంక మొదటిసారి. తల్లి నవ్వే. పై పన్ను మీద పన్ను.

నేను మక్కల బస్తాల చాటుకు పోయాను కాసేపు.

నవంబర్ 26

నడుస్తోంది. అద్దం చూడాల్సిన పని లేదు. కొంగు చూసుకుంటే చాలు.

నవంబర్ 29

హమాలీలకు నచ్చడం లేదు. బస్తా లెక్కన కూలి వాళ్ళది. ఊడ్చినంతసేపూ చేతులు కట్టుకుని కూర్చోవాలి. రాజన్న ఇప్పుడు జోకులు వేయడం లేదు. టీ తాగేటప్పుడు నాకు జాగా ఇవ్వలేదు. నిలబడి తాగాను.

డిసెంబర్ 2

శ్రీను ఫోను. వెనక సాంచాల మోత. సగం మాటలు వినపడలేదు. తింటున్నవా అంటే తింటున్న అన్నాడు. చెప్పులు కొన్నాడట.

తర్వాత అడిగాడు — "సుజాత మాట్లాడుతదా బాపూ నీతోని?"

మాట్లాడుతుంది అన్నాను. తాళం ఇచ్చేటప్పుడు 'మామా' అంటుంది. అది మాటే కదా.

నా గురించి ఏమన్నా అంటదా అన్నాడు. మోత ఎక్కువైంది, వినపడలేదు అన్నాను. వినపడింది.

డిసెంబర్ 6

పొద్దున్నుంచి లారీలు గేటు బయట దాకా. సేటు ఆఫీసులోంచి బయటికి, లోపలికి. మూడో వరుస ఇవాళే ఎత్తాం. ఇన్ని రోజులూ దాన్ని వెనక్కి పెట్టుకుంటూ వచ్చాను. ఇంక వేరే వరుస మిగలలేదు.

ఎత్తడం అయింది. ఇంజను ఆపి తాళం ఇచ్చాను. సుజాత ముడివేసుకుంది. చాట ఎత్తుకుని ఒక అడుగు వేసి ఆగింది. వెనక్కి తిరగకుండానే అడిగింది —

"ఏ జాగ మామా?"

ఇన్నాళ్ళూ అడగలేదు. నేనూ చెప్పలేదు. చేయి చాపి మూల చూపించాను. తెల్లగా ఉన్న చోటు.

పోయింది. చీపురు చప్పుడు వినపడలేదు. బస్తాల సందులోంచి చూస్తే కింద కూర్చుని ఉంది. అరచేయి సిమెంటు మీద పెట్టి. ఊడ్చడం లేదు, ఏడవడం లేదు.

లారీవాడు హారను మీద హారను. రాజన్న దగ్గరికి వచ్చాడు. "పిలువు కాకా, పొద్దు పోతాంది." నువ్వు పిలువు అన్నాను. పిలవలేదు. తలకు చుట్టిన తువ్వాల విప్పి పోయి హమాలీలతో కూర్చున్నాడు. సేటు అరుస్తున్నాడు. నేను బండి మెట్టు మీద కూర్చున్నాను.

చాలాసేపటికి లేచింది. చాట అక్కడే, చీపురు అక్కడే. నా పక్కనుంచే నడిచింది, నన్ను చూడలేదు. గేటు దాటి రోడ్డు మీద రుద్రంగి బస్సు ఎక్కింది.

తాళం కొంగునే ఉంది. నేను చూశాను. పిలవలేదు.

డిసెంబర్ 7

సుజాత రాలేదు. ఫోను ఎత్తడం లేదు.

బండి మూడో వరుస ముందరే ఉంది, ఫోర్కులు నేలకు ఆనించి. రాలిన మక్కలు దాని చుట్టూ అట్లాగే ఉన్నాయి. మిగతా ఆడవాళ్ళు కూడా అటు పోలేదు. ఆ వరుస వాళ్ళది కాదు కదా.

సేటు పొద్దున్నే వచ్చాడు. ఇవాళ అరవలేదు. మెల్లగా అడిగాడు — "రెండో తాళం ఉంటది గదా గంగన్నా, బండి కొన్ననాడు ఇచ్చింది?"

రొండిన ఉంది. నడుముకు ఒత్తుకుంటోంది.

లేదన్నాను.