కారం అంటిన పుస్తకం

లైబ్రరీ మేడమ్ గారికి,

నమస్కారమండీ. మీరిచ్చిన జమీందారు బంగళా పుస్తకం గడువు దాటాక పంపుతున్నాను, మా కార్డు మాత్రం తీసెయ్యకండి. మిరప కల్లంలో మేం తొడిమలు తీస్తుంటే మా ఫెబా పైకి చదివిందండీ. కట్టుకథ కాదు, నిజంగా జరిగిందనేసరికి ఒక్కరూ అన్నానికి లేవలేదు! ఆ జమీందారు తను మనసుపడ్డ నాటకాలామె గదికి గోడలోనే దొంగమెట్లు కట్టించాడట. అదెలాగో తెలియక, బంగళా మొత్తం మిరపకాయలతో నేలమీద పేర్చి చూశాం. మా పక్కన కూర్చునే రుక్సానా, "అమ్మో, ఆ మెట్లు కట్టిన మేస్త్రీ నోరు మూసుకుని ఎట్టా ఉన్నాడే!" అంది.

మా చేతుల కారం పేజీలకు అంటింది, క్షమించండి. ఆలస్యం మాత్రం మాది కాదు. పాస్టరమ్మ గారు "ఇది పాపపు పుస్తకం" అని లాక్కుని వారం ఉంచుకున్నారు. తెరిచి కూడా చూడలేదన్నారు. ఆవిడకు వేలు నాలుకతో తడిచేసుకుని పేజీ తిప్పే అలవాటుంది. ఆదివారం గుడిలో పెదాలు వాచిపోయి పాటే పాడలేకపోయారు!

ఇలాంటిదే ఇంకొకటి పంపండి. కుదిరితే రెండు కాపీలు పంపండి. శుభ్రంగా ఉన్నది పాస్టరమ్మ గారికిస్తాం.

ఇట్లు,
ప్రత్తిపాడు కల్లంలో ఆడవాళ్ళందరి తరఫున