ఫ్రిజ్ మీద రొయ్య

క్లెమెంటి, మా హాల్లోంచి
సోమవారం

చిరంజీవి నిఖిలకు, నీకు గది అద్దెకిచ్చిన దశరథరామయ్య అంకుల్ ఆశీర్వదించి రాయునది.

ఒకే ఫ్లాట్‌లో ఉంటూ తలుపు కిందనుంచి ఉత్తరమేమిటని అనుకోకు. మాట్లాడితే నా గొంతు లేస్తుంది. ఫ్రిజ్ మీద నువ్వు అంటించిన స్పానిష్ సామెత చదివాను. ‘నిద్రపోయే రొయ్యను ఏరు ఎత్తుకుపోతుంది.’ కింద ఇంగ్లీషులో ‘యూ స్నూజ్, యూ లూజ్’. మధ్యాహ్నం సోఫాలో కాస్త కునుకు తీస్తాను, నిజమే. భీమవరం వాడికి రొయ్యల సంగతి చెబుతావా? మా వైపు సామెత ఊరికే రాదు, ఎవరినో ఒకరిని అనడానికే వస్తుంది.

ఇట్లు,
దశరథరామయ్య

తా.క. మన సోఫా ఏడో అంతస్తులో ఉంది. ఏ ఏరూ ఇంత పైకి రాదు.

మంగళవారం

అంకుల్‌కి నమస్కారాలు.

మిమ్మల్ని అనలేదంకుల్, ఒట్టు! వచ్చే సోమవారం నా స్పానిష్ ఓరల్ టెస్ట్. పాసైతేనే మాడ్రిడ్‌లో ఆరు నెలల రీసెర్చ్, లేకపోతే రెండేళ్ళ కష్టం పోయినట్టే. అందుకే సామెతలూ, వాటి తెలుగు అర్థాలూ, ఇంగ్లీషు జోడీలూ చీటీల మీద రాసుకుంటున్నాను. చదివేసినవి డైనింగ్ టేబుల్ మీది బిస్కెట్ డబ్బాలో వేస్తాను. ఆంటీ రోజూ అవన్నీ అప్పజెప్పించుకుంటారు. నచ్చినవి ఏరి మీరే ఫ్రిజ్‌కి అంటిస్తున్నారనుకుని ఎంత మురిసిపోయానో!

మీ నిఖిల

తా.క. ఇవాళ ‘కమ్మరి ఇంట్లో చెక్కకత్తి’ పెట్టారుగా, సూపరంకుల్.

బుధవారం

కుమారి నిఖిల గారికి,

నేను రొయ్యనని నేనే అంటించుకుంటానా? ముప్పై ఏళ్ళు షిప్‌యార్డులో పైపులు వేయించిన నా వంటింట్లో కుళాయి నాలుగు నెలలుగా కారుతోంది. ఆ చెక్కకత్తి ఎవరికో నాకు తెలియదా?

ఇవాళ హద్దు దాటారు. ‘శవమూ చుట్టమూ మూడోరోజుకే కంపు.’ ఇంగ్లీషువాళ్ళు శవం తీసేసి చేపను పెట్టారు, అదో మర్యాద. ఆరు వారాలుగా హాల్లో ఉంటున్న మా తమ్ముడు సాంబశివరావు అది చదివి, తింటున్న పెసరట్టు వదిలేసి లేచాడు. రేపటికి టికెట్ కొనుక్కున్నాడు. తోడబుట్టినవాణ్ణి నా ఇంట్లోంచి తరిమేశారు. ఆదివారంలోగా గది ఖాళీ చేయండి.

ఇట్లు,
దశరథరామయ్య

తా.క. ఆ పెసరట్టు నేనే తిన్నాను. అయినా కోపం తగ్గలేదు.

గురువారం

అంకుల్,

పరీక్షకు నాలుగు రోజుల ముందు గది ఎక్కడ దొరుకుతుంది? కొన్ని స్టేషన్ల అవతల జురాంగ్ వెస్ట్‌లో నా ఫ్రెండ్ భువన ఇంట్లో నేలమీద పడుకుని చదువుకుంటాను. చీటీలన్నీ డబ్బాతో సహా తీసుకెళ్తున్నాను. ఆ చీటీలు నేను అంటించలేదు. రెండేళ్ళు అన్నం పెట్టిన ఇంట్లోంచి దొంగదానిలా వెళ్ళడం చాలా బాధగా ఉంది.

నిఖిల

తా.క. నేను పెట్టె సర్దుతుంటే ఆంటీ నాకంటే ఎక్కువ ఏడ్చారు. కాస్త చూసుకోండి.

శనివారం

చిట్టితల్లి నిఖిలకు,

నువ్వు లేవు, డబ్బా లేదు, మా తమ్ముడూ లేడు. పొద్దున్నే చూస్తే ఫ్రిజ్ మీద కొత్త చీటీ! ‘కప్పకు వెంట్రుకలు మొలిచినప్పుడు.’ ఇంగ్లీషులో పందులు ఎగిరినప్పుడట. దాని కింద తెలుగులో, ‘అప్పుడు మీరు కుళాయి బాగుచేస్తారు. చీటీలన్నీ అంటించింది నేనే. భయపడి చెప్పలేదు. పిల్లను తీసుకురండి’ అని ఉంది. క్యాలెండరు కాగితం వెనక, మీ సరోజిని ఆంటీ గుండ్రటి చేతిరాత.

ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో మా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదని అందరికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి. అనడానికి పాపం స్పెయిన్ దాకా పోవలసి వచ్చింది. సిగ్గేసిందమ్మా. నిన్ను అన్యాయంగా వెళ్ళగొట్టాను, మన్నించు.

కుళాయి బిగించేశాను. ఈ ఉత్తరం జేబులో పెట్టుకుని నేనే ట్రైన్‌లో వస్తున్నాను. నీ పెట్టె నేను మోస్తాను.

నీ అంకుల్

తా.క. బిస్కెట్ డబ్బా మర్చిపోకు. మీ ఆంటీ ఇంకా చెప్పాల్సినవి చాలా ఉన్నాయంటోంది.