పూడిక లేని మ్యాపు

మే 1974, బుధవారం. గవర్నర్‌పేట.

స్నానం చేసినా కోపం చల్లారలేదు. అన్నం కూడా సయించలేదు.

మెట్టలో ఒక చెరువు గట్టు పెంచితే లాభమో కాదో తేల్చుకు రమ్మని నన్ను పంపిందే మా ఇంజనీరు గారు. ఎండిన చెరువులో నెలంతా తిరిగి నేల ఎత్తుపల్లాల లెవెల్స్ తీసి కొత్త మ్యాపు గీశాను. చెరువు సగం పూడిపోయింది. గట్టు పెంచితే నీళ్ళు ఎగువ పొలాల మీదికి పల్చగా పరుచుకుంటాయి తప్ప పెద్ద లాభముండదు. పూడిక తీస్తే చాలు. ఇదివరకు రైతులే వేసవిలో ఆ మట్టిని బండ్లకెత్తి చేలకి తోలుకునేవాళ్ళు. బండ్లతో గట్టు పాడవుతోందని ఆపించింది మా ఆఫీసే.

ఇవాళ మ్యాపు బల్ల మీద పరిస్తే ఆయన వంగి చూడనైనా లేదు.

"పాత మ్యాపు ఉందిగా. దాని మీదే లెక్క కట్టి రేపు సంతకం పెట్టు."

"అది మా నాన్న పుట్టకముందుదండీ. అప్పటికి ఇంత పూడిక లేదు."

"గట్టు పెంచుతామని పైవాళ్ళు మాటిచ్చేశారయ్యా."

మరి నన్ను ఆ ఎండలో ఎందుకు తిప్పినట్టు?

చెరువు ఎగువన మరియమ్మ గారి చేను. నేను అక్కడున్నన్నాళ్ళూ మజ్జిగ పోసింది ఆవిడే. "నీళ్ళు మా వైపు రావు కదా బాబూ?" అని అడిగితే, మ్యాపు గీశాక చెప్తానన్నాను.

గీశాను. గట్టు పెంచితే నీళ్ళు నిలిచే గీత ఆవిడ చేను దాటి ఇంటి గుమ్మం దాకా వచ్చింది.

పాత మ్యాపులో అసలు ఆ ఇల్లే లేదు.