ఆయుధపూజకు కడిగిన పెట్టెలు

4 సెప్టెంబర్ 2003
కాలేజీ ప్రాజెక్టు పని మీద పూతలపట్టు అవతలి ఊరికి వెళ్ళాను. ట్రాన్స్‌ఫార్మర్ మళ్ళీ కాలిపోయింది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు గనుక అందరూ మోటారు స్టార్టర్లు వాటంతటవే లేచేలా ఆటోలో పెట్టేసి పోతారు. రాగానే దాని మీదున్న ఐదు మోటార్లూ ఒక్కసారే లేస్తాయి. తట్టుకోలేక అది కాలుతుంది. పెద్దరైతు దొరస్వామి గారి ట్రాక్టర్లో వేసుకుని చిత్తూరుకు రిపేరుకు తీసుకుపోయారు. కరెంటు లైను చివరున్న సంతోషమ్మ శనక్కాయ చేను వాడిపోతోంది. కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగే టైము. ఇంకోసారి కాలిందంటే ఈ పంట మీద ఆశ లేదు ధరణి పాపా, అంది.

12 సెప్టెంబర్
తిరుపతి, ల్యాబ్. ఏ మోటారు ఎప్పుడు లేవాలో మా ప్రోగ్రామ్ వరస వేసింది. ఆ వరసలో స్టార్టర్‌ని ఆపి వదిలే టైమర్ పెట్టెలు ఐదు చేశాం. గైడ్ యోగానంద సార్ సోల్డరింగ్ చేస్తూ వేలు కాల్చుకున్నారు. ఆయన ఎంత మంచివారో ఎదురుగా చెప్పలేను. ఇక్కడ రాసుకుంటున్నాను.

19 సెప్టెంబర్
బిగించాం. లైను చివర వోల్టేజీ తక్కువ, అందుకని సంతోషమ్మ మోటారు ముందు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఉన్న దొరస్వామి గారిది ఆఖరు. ఆయనకు మండింది. మా నాయన బోరేసినప్పట్నుంచి ఈడ మొదటి నీళ్ళు మావే, నీ కంప్యూటర్‌కు తెలీదా అన్నారు. కాలిన ప్రతిసారీ మోసేది మీ ట్రాక్టరే కదా అన్నాను. మీసం దువ్వుకుని, సరే కానీ అన్నారు.

28 సెప్టెంబర్
కాలలేదు.

5 అక్టోబర్
కొంప మునిగింది. నిన్న ఆయుధపూజ. మోటార్లతో పాటు నా పెట్టెల్నీ బిందెలతో కడిగి, పసుపు కుంకుమ పెట్టారు. నాలుగు చచ్చాయి. దొరస్వామి గారి పెట్టె తెరిస్తే లోపలంతా గంధం. చేను కాపాడినవి గదా పాపా, మొక్కకుండా ఎట్లుండేది, అన్నారు తల వంచుకుని. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. సంతోషమ్మ చర్చికి పోయే మనిషి, ఆమె పెట్టె ఒక్కటే బతికింది. కొత్తవి చేయాలంటే నెల పడుతుంది. ఈలోగా అందరూ మళ్ళీ ఆటోలో పెడితే చేను గతి అంతే. ఆటోలో పెట్టొద్దని బతిమాలాను. ఎవరి చేలకు వాళ్ళు పోయారు.

17 అక్టోబర్
భయపడుతూనే వెళ్ళాను. కరెంటు వచ్చింది. కాసేపటికి సంతోషమ్మ మోటారు లేచింది. నీళ్ళు పడగానే ఆమె గట్టు మీద నిలబడి కేకేసింది. ఆ కేక విని పక్క చేను వాళ్ళు స్టార్టర్ నొక్కారు. వాళ్ళ కేకకు ఇంకొకరు. చివర్న దొరస్వామి గారు, తన వంతు కోసం చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆటో ఏమైంది అన్నాను. సంతోషమ్మది తప్ప అందరివీ నేనే పీకేసినా పాపా, అన్నారు. దండం పెట్టాను.

8 నవంబర్
సంతోషమ్మ పచ్చి శనక్కాయలు పంపింది. చచ్చిన నా పెట్టెలు నాలుగూ ల్యాబ్‌లోనే ఉన్నాయి, పసుపుతో. ట్రాన్స్‌ఫార్మర్ మళ్ళీ చిత్తూరు పోలేదు, ఊళ్ళోనే ఉంది.