మాట తప్పని బండి

సెప్టెంబర్ 19, శనివారం

కొత్త బండి వచ్చింది. ఈసారి బూడిద రంగు.

ఈ ఊళ్ళో ఎల్స్‌నర్ కార్ల ఫ్యాక్టరీ వాళ్ళకి ఏడాదికో బండి. పాతది అమ్మేస్తారు, కొత్తది తెచ్చుకుంటారు. తమ్ముడు ఫోల్కర్ ఆ ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరిన నాటి నుంచీ ఒక అలవాటు పెట్టుకున్నాడు. గేటు దాటగానే ఇంకెవర్నీ ఎక్కించుకోడు, నేరుగా నా గుమ్మం ముందుకే వస్తాడు. మొదటి సవారీ పెద్దక్కది. అడవి పక్క శ్మశానం దాకా వెళ్తాం. అమ్మ సమాధి మీద పూలు పెడతాం. ఇంటికొచ్చి ప్లమ్ కేకు తింటాం.

ఇవాళ శ్మశానం ముందు ఇంజన్ ఆపాడు గానీ దిగలేదు. స్టీరింగ్ మీంచి చేతులు తీయలేదు. కొత్త బండి వాసన బాగుందిరా అన్నాను. పెద్దక్కా, ఇదే ఆఖరు బండి అన్నాడు.

అప్పుడు చెప్పాడు. సర్కారు పెట్టిన హద్దుకి డీజిల్ పొగ లెక్క ఎంతకీ కుదరలేదట. గడువు ముంచుకొస్తోందట. వాడూ, వాడి గదిలోవాళ్ళూ కలిసి ఒక సాఫ్ట్‌వేర్ రాశారట. పైవాళ్ళకి మీటింగులో చూపించారట. మెచ్చుకుని బల్ల మీద వేళ్ళతో టకటకలాడించారట. పరీక్ష గదిలో చక్రాలు తిరుగుతాయి, స్టీరింగ్ కదలదు. దాంతో బండికి తెలిసిపోతుంది, నన్నెవరో చూస్తున్నారని. చూసినంతసేపూ బుద్ధిగా ఉంటుంది. రోడ్డెక్కాక దాని ఇష్టం.

మనలాగే, అన్నాను.

నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాడు. తల నెరిసిన మనిషి.

పూలు నేనొక్కదాన్నే వెళ్ళి పెట్టొచ్చాను.

సెప్టెంబర్ 22

టీవీలో వచ్చింది. ఎక్కడో ఎవరో బండిని గదిలో కాక రోడ్డు మీద నడిపి పొగ కొలిచారట.

సెప్టెంబర్ 27, ఆదివారం

ఉదయం చర్చి తలుపులు తీశాను. కొవ్వొత్తులు వెలిగించాను. గంట కొట్టాను. దాదాపు యాభై ఏళ్ళుగా చేస్తున్న పనే. ఇవాళ తాడు బరువుగా అనిపించింది.

జనం బాగా వచ్చారు. పాట ఎవరి గొంతులోంచీ రాలేదు.

ఊరి మొదట్లో పెద్ద బోర్డు ఉంది. ఎల్స్‌నర్, మాట తప్పని బండి. నేను పుట్టకముందు నుంచీ ఉంది. ప్రపంచంలో ఏ మూలకెళ్ళినా మా ఊరి పేరు చెబితే చాలు, ఓహో మీ బండా, దానికేం అనేవారు. ఫలానా దేశంలో మూడు తరాలు ఒకే బండి నడిపారట అని మా నాన్న భోజనాల దగ్గర చెప్పేవాడు, సొంత కొడుకు గురించి చెప్పినట్టు.

ఇవాళ ఆ బోర్డు వైపు ఎవరూ చూడలేదు. అందరూ చెప్పుల వైపు చూస్తూ ఇళ్ళకి పోయారు.

అక్టోబర్ 9

రొట్టెల దుకాణం నడిపే ఫ్రౌ క్రోగర్ నా వెనకాల వచ్చినవాళ్ళకి ముందు ఇచ్చింది. నా వంతు వచ్చాక రై రొట్టె తాజాదేనా అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. ఇవాళ రొట్టెలు మీ తమ్ముడి బళ్ళలా ఉన్నాయి రోస్‌వితా, చూస్తుంటే బాగానే ఉంటాయి, ఇంటికెళ్ళి కోస్తే గానీ తెలీదు అంది. వెనకాల ముసిముసి నవ్వులు.

ఫోల్కర్ పేరు ఇంకా పేపర్లో కూడా రాలేదు. ఆఫీసుకి రావద్దన్నారని మాత్రం ఊరందరికీ తెలుసు.

కోసి చూశాను. తాజాదే.

అక్టోబర్ 13

నిద్ర పట్టలేదు. నాన్న గుర్తొచ్చాడు.

యుద్ధం అయ్యాక తూర్పు నుంచి తోపుడుబండి తోసుకుంటూ ఈ ఊరొచ్చాడు నాన్న. ఫ్యాక్టరీ పని ఇచ్చింది. ఉండడానికి చెక్క బ్యారక్‌లో ఒక గది ఇచ్చింది. నేనూ, చెల్లెలు ఆన్నెగ్రెట్ అక్కడే పుట్టాం. మాకంటే ముందు ఆ గదుల్లో ఉన్నవాళ్ళని కూడా తూర్పు నుంచే తెచ్చారు. వాళ్ళు తోపుడుబళ్ళతో రాలేదు. యుద్ధం రోజుల్లో వాళ్ళని తుపాకులు చూపించి తోలుకొచ్చారు. ఈ ఫ్యాక్టరీలోనే యుద్ధపు బళ్ళు చేయించారు.

గోడ చెక్కల మీద వాళ్ళు పేర్లు గీసుకున్నారు. మనది కాని లిపి. నాన్న వాటి మీద పూల కాగితం అంటించాడు. మంచం మీద పడుకుని కాగితం పైనుంచి వేలితో తడిమితే అక్షరాలు తగిలేవి. చదవలేను కాబట్టి ప్రార్థనలో వాళ్ళని గోడలోవాళ్ళు అనేదాన్ని. దేవుడికి అర్థమయ్యే ఉంటుంది.

నాన్న ఒక్కటే చెప్పేవాడు. ఈ ఫ్యాక్టరీ మన తల మీద కప్పు వేసింది. కప్పు గురించి నోరెత్తకండి.

అక్టోబర్ 24, శనివారం

ఆన్నెగ్రెట్, మరిది డెట్లెఫ్ వచ్చారు. ఫోల్కర్ ఇక్కడే ఉన్నాడు. భార్య విడిపోయాక శనివారాలు వాడి భోజనం నా దగ్గరే. బంగాళాదుంప సూప్ పెట్టాను.

డెట్లెఫ్ ఫ్యాక్టరీలో కార్మికుల తరఫు నాయకుడు. చెడ్డవాడు కాదు. వదినా, మీ మాటైతే వింటాడు, మీరే చెప్పాలి అన్నాడు. ప్రాసిక్యూటర్ పిలిస్తే గుర్తులేదు అనమనండి, మరచిపోవడం నేరం కాదు కదా, లాయర్‌నీ పెన్షన్‌నీ ఫ్యాక్టరీ వాళ్ళే చూసుకుంటారు, పైనుంచి కబురొచ్చింది అన్నాడు.

బావా, నాకు జ్ఞాపకశక్తి ఎక్కువనే కదా ఉద్యోగం ఇచ్చారు అన్నాడు ఫోల్కర్.

ఇప్పుడు తగ్గించుకో బామ్మర్దీ, వయసు కూడా వచ్చింది అన్నాడు డెట్లెఫ్.

ఒక్క క్షణం అందరం నవ్వాం. అందరం కలిసి నవ్వడం అదే ఆఖరేమో అని అప్పుడే అనిపించింది.

ఆన్నెగ్రెట్ చెంచా కింద పెట్టింది. తిన్నింటి వాసాలు లెక్కపెడతావట్రా అంది. నువ్వు నోరు విప్పితే పైవాళ్ళకేం అవుతుంది, మెత్తటి కుర్చీలోంచి లేచి ఇంకో మెత్తటి కుర్చీలో కూర్చుంటారు, పోయేది కాంట్రాక్టు పిల్లలు, నీ మేనల్లుడు అంది. వాళ్ళబ్బాయి యోస్ట్ అసెంబ్లీ లైన్లో కాంట్రాక్టు మీద ఉన్నాడు. కొత్త సంవత్సరంలో పర్మనెంట్ చేస్తామన్నారు.

ఆమె అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

సూప్ చల్లారిపోయింది. మళ్ళీ వేడి చేశాను. ఎవరూ తినలేదు.

అక్టోబర్ 25, ఆదివారం

ప్రార్థన అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. కొవ్వొత్తులు ఆర్పుతున్నాను. ఫోల్కర్ చివరి బెంచీ మీద ఉండిపోయాడు. చిన్నప్పుడు కూడా అంతే, తప్పు చేసిన రోజు నా పని అయ్యేదాకా అక్కడే కూర్చునేవాడు.

పెద్దక్కా, చెప్పనా, మాననా అన్నాడు.

యోస్ట్ కళ్ళ ముందు మెదిలాడు. ఆన్నెగ్రెట్ మెదిలింది. నాన్న అంటించిన పూల కాగితం మెదిలింది. దేవుణ్ణి అడిగాను. తిరిగి నన్నే అడిగినట్టనిపించింది.

చెప్పు, అన్నాను.

అక్టోబర్ 27

ప్రాసిక్యూటర్ దగ్గరికి వెళ్ళాడు. చెప్పాడు. పేర్లతో సహా.

నవంబర్ 22, మృతుల ఆదివారం

ఈ ఏడాది పోయినవాళ్ళ పేర్లు పాస్టరు గారు చదివారు. ఒక్కో పేరుకీ ఒక కొవ్వొత్తి. వెలిగించడానికి అగ్గి అందించే పని నాది. ఆన్నెగ్రెట్ మా బెంచీ వదిలేసి అవతలి వరసలో కూర్చుంది. అమ్మ పోయినప్పటి నుంచీ మేం ముగ్గురం కూర్చునే బెంచీ అది. వాడూ నేనూ కూర్చున్నాం. మధ్యలో ఆమె చోటు అలాగే ఉంచాం.

మధ్యాహ్నం శ్మశానానికి నడిచాను. అమ్మ దగ్గర ఒక దీపం పెట్టాను. తర్వాత కంచె వైపున్న చిన్న రాళ్ళ దగ్గరికి వెళ్ళాను. గోడలోవాళ్ళ పిల్లలు. తల్లులు మెషీన్ల దగ్గరుంటే వీళ్ళు పాకలో పాలు లేక పోయారు. కొన్ని రాళ్ళ మీద సగం పేరే ఉంది. యాభై ఏళ్ళు గడిచాక గానీ ఫ్యాక్టరీ ఇక్కడికి పూలు పంపలేదు. పంపినప్పుడు రిబ్బన్ మీద బండి గుర్తు ఉంది. ఆ గుర్తు చూసి నాన్న టోపీ తీశాడు. రాళ్ళని చూసో, గుర్తుని చూసో, నేను అడగలేదు.

డిసెంబర్ 18

కాంట్రాక్టు వాళ్ళనందరినీ తీసేశారు. యోస్ట్‌ని కూడా.

ఆన్నెగ్రెట్ ఫోన్ చేసింది. ఒక్క మాటే అంది. వాడు చెప్పినదానికి కాదక్కా నా కోపం, నువ్వు చెప్పమన్నదానికి. చిన్నప్పటి నుంచీ మాట్లాడని దానివి, ఆ ఒక్కసారీ మాట్లాడకుండా ఉంటే ఏం పోయేది అంది.

పెట్టేసింది.

 

డిసెంబర్ 24

గంట కొట్టాను. వాడూ నేనూ సాసేజ్, బంగాళాదుంపల సలాడ్ తిన్నాం. మూడో పళ్ళెం పెట్టి మళ్ళీ తీసేశాను.

ఏప్రిల్ 6

బూడిద రంగు బండి వెనక్కిచ్చేశాడు. ఇకనుంచీ సైకిల్. ఈ ఊళ్ళో బస్సెక్కేది బడి పిల్లలూ నేనూ మాత్రమే అనుకునేదాన్ని. వానొస్తే ఇప్పుడు వాడు కూడా.

నా పక్కన కూర్చుని, పెద్దక్కా నువ్వు డ్రైవింగ్ ఎందుకు నేర్చుకోలేదు అని అడిగాడు. నేర్చుకుంటే నువ్వు నన్ను ఎక్కించుకోవుగా అన్నాను.

సెప్టెంబర్ 19

ఆ ఆఖరు బండి వచ్చాక ఈ తేదీ రావడం ఇది రెండోసారి. కొత్త బండి లేదు. శ్మశానానికి నడిచి వెళ్ళాం. కేకు చేశాను.

ఫిబ్రవరి 14

కోర్టు మొదలయ్యేసరికి ఇన్నాళ్ళయింది. రోజూ రైల్లో వెళ్ళొస్తున్నాం. పైవాళ్ళలో ఒకాయనకి గుండె జబ్బు, రాలేడు. ఒకాయనకి ఏమీ గుర్తులేదు. బల్ల మీద వేళ్ళు టకటకలాడించినాయన కూడా వచ్చాడు. చక్కటి చేతులు. ఆ రోజు మీటింగులో ఏదో ఇంజనీరింగ్ భాష మాట్లాడారు, నాకు తలకెక్కలేదు అన్నాడు.

ఫోల్కర్‌కి మాత్రం అన్నీ గుర్తున్నాయి. తన మీదవి కూడా. ఏదీ తగ్గించి చెప్పలేదు.

వింటున్నంతసేపూ వాడి చిన్నప్పటి గొంతే వినిపించింది నాకు. బైబిల్ వాక్యం ఒప్పజెప్పినట్టు.

మే 3

జైలు శిక్ష వేశారు. నిజం చెప్పాడని కొంత తగ్గించారు. రాసినవాడు వాడే కాబట్టి వదల్లేమన్నారు. గుండె జబ్బు ఆయన కేసు పక్కన పెట్టారు.

వాడు నిటారుగా నిలబడి విన్నాడు. నేను కూడా నిలబడ్డాను. నాకు ఎవరూ చెప్పలేదు నిలబడమని.

సెప్టెంబర్ 11

కబురొచ్చింది. వచ్చే మంగళవారం మధ్యాహ్నంలోగా వాడంతట వాడే జైలు గేటు దగ్గరికి వెళ్ళాలి. ఎవరూ వచ్చి తీసుకెళ్ళరు. అదొక రకం మర్యాదట. బస్సులో వెళ్దాం అన్నాను. నువ్వెందుకు పెద్దక్కా అన్నాడు. ఇన్నేళ్ళూ నువ్వు నన్ను తిప్పావు, నా టికెట్ నేను కొనుక్కుంటాలే అన్నాను.

సెప్టెంబర్ 18, మంగళవారం

బస్టాపులో నిలబడ్డాం. వాడి చేతిలో చిన్న సంచి. రెండు చొక్కాలు, కళ్ళజోడు, నేనిచ్చిన ప్రార్థన పుస్తకం. చలి మొదలైంది.

తెల్ల బండి వచ్చి ముందు ఆగింది. సరికొత్తది, సీట్ల మీద ప్లాస్టిక్ కూడా తీయలేదు. అద్దం దిగింది. ఆన్నెగ్రెట్.

ఎక్కండి, బస్సు లేటు అంది.

బస్సు లేటు కాదు. మూల మీద కనబడుతోంది.

నేను ముందు తలుపు తీశాను. నువ్వు కాదక్కా, వాణ్ణి కూర్చోనీ అంది. వాడు కూర్చున్నాడు. ప్లాస్టిక్ చప్పుడైంది.  అడవి మలుపు దగ్గర, మేం అడగకుండానే, శ్మశానం వైపు తిప్పింది.

ముగ్గురం దిగాం. అమ్మ దగ్గర నిలబడ్డాం. ఫోల్కర్ కంచె దాకా నడిచి చిన్న రాళ్ళ ముందు కాసేపు ఆగాడు. ఆన్నెగ్రెట్ వెనకాలే వెళ్ళి ఒక రాయి మీది ఆకులు చేత్తో తుడిచింది. ఆమె అటు వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు.

జైలు గేటు దగ్గర దిగాక, కొత్త బండి తెచ్చినట్టు బావకి తెలుసా అని వాడు అడిగాడు. తెలీదు అంది. తెలుస్తుంది చిన్నక్కా, కిలోమీటర్లు చూస్తాడు అన్నాడు. చూడనీ, మీటరు తగ్గించడానికి నువ్వు లేవుగా అంది.

అని వాడి కాలర్ సరిచేసింది. సరిగ్గానే ఉన్న కాలర్‌ని సరిచేస్తూనే ఉంది.

గేటు లోపలి నుంచి తెరిచారు.

తిరుగు ప్రయాణంలో నేను వెనక సీట్లోనే కూర్చున్నాను. ముందు సీటు ఖాళీగా వచ్చింది. ఊరి మొదట్లో బోర్డు లేదు. రెండు స్తంభాలున్నాయి. ఎప్పుడు తీసేశారో ఇద్దరికీ తెలీదు.

యోస్ట్‌కి వేరే ఊళ్ళో పని దొరికిందట. అది మాత్రం చెప్పింది.

అక్టోబర్ 14, ఆదివారం

నిన్న జైలుకెళ్ళి ఫోల్కర్‌ని చూసి వచ్చాం. ఆన్నెగ్రెట్ కూడా.

వాడి గదిలో మంచం పక్క గోడ మీద అంతకుముందు ఉన్నవాళ్ళెవరో పేరు గీసుకున్నారట. పైన నాలుగుసార్లు రంగు వేసినా వేలికి తగులుతుందట. ఆ చోట క్యాలెండర్ పెట్టుకోమని మేకు ఇచ్చారట. పెట్టలేదన్నాడు.

పేరేమిటని అడిగాను. చెప్పాడు. ఇవాళ ప్రార్థనలో పైకి చదివాను.