పగలగొట్టిన పొయ్యి

మరియమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ కడుపునొప్పికి పచ్చికూరలే మందన్న ప్రకృతి వైద్యుడు మొన్న నరసరావుపేట సభలో మాట మార్చాడు. "మరీ పట్టుదల వద్దు. ఒంటికి పడినన్ని పచ్చివి తినండి, ఒక పూట వండుకోండి" అన్నాడు. పొయ్యి పగలగొట్టమని ఆయన ఆనాడూ చెప్పలేదు. అది నీ మొగుణ్ణయిన నా సొంత తెలివి.

పొయ్యి పగిలాక ఒకనాడు పక్కింటి అక్క ఇచ్చిన జొన్నరొట్టె కొంగులో దాచుకుని నాకు దొరికిపోయావు. "ఒక్క ముక్కేనయ్యా. రొట్టె తిని చానా రోజులైంది, నోరు చచ్చిపోయింది" అన్నావు. లాక్కుని గేదెకు వేశాను.

ఇవాళ మట్టి తెచ్చి పొయ్యి మళ్లీ వేశాను. చెయ్యి తిరగక రొట్టె మాడింది. తుంచిన ముక్క నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

గేదెకే వేశాను.